వేపదుంగ ఆరడానికి ఏడాది

తొందరేం లేదు, కర్ర ఆరనీ అని మా ఆవిడ ఎస్తేరు నాతో అబద్ధమాడింది. తనకు ఏడాది లేదని డాక్టరు చెప్పి అప్పటికి పది రోజులు. ఆమె పోయాక డాక్టరు చీటీ మీది తారీఖు నేను చూశాను. ఇందులో రెండో మాట లేదు. ఆ సంగతి మొహాన చెబుదామని వచ్చి నిలబడ్డాను, కానీ ఆమె నా వైపు చూడటం లేదు, మా వసారాలో పీట వేసుకుని వేపదుంగ కొసకు పేడ మెత్తుతోంది, వసారా మాదే, మెట్లూ మావే, అయితే మధ్యలోంచి చీలమండ లోతున నీళ్లు పారుతున్నాయి, ఆ నీళ్లలో మా చర్చి బల్లలు ఒకదాని వెనక ఒకటి మెల్లగా పోతున్నాయి, అది నాకేమీ వింతగా లేదు.

"కాళ్లు కడుక్కుని రా," అంటుంది.

"నీళ్లలోనే ఉన్నాను కదే."

"అయితే ఇంకేం, కూర్చో. ఆ కొసకు నువ్వు మెత్తు. సందు వదలకు, గాలి దూరితే పగులుద్ది."

నేను కూర్చోను. పచ్చిదుంగ కొసలకు పేడ మెత్తితే కర్ర నిదానంగా ఆరుతుందని, నెర్రెలు రావని ఆమెకు నేర్పింది నేనే. ఇప్పుడు నాకు చెబుతోంది. మెత్తేటప్పుడు చిటికెనవేలు పైకి ఎత్తి ఉంచుతుంది. ఎప్పుడో రోకలి కింద నలిగిన వేలు అది, ముడుచుకోదు.

నిరుడు గాలివానకు పెరట్లో వేపచెట్టు పడింది. ఏటేటా క్రిస్మసుకు సరుగుడు కొమ్మ తేవడం, మూడో రోజుకు అది ఎండి ఇల్లంతా రాలడం తనకు విసుగొచ్చిందని, రాలని చెట్టు ఒకటి ఆ వేపకర్రతో చేసిపెట్టమని ఆమె అడిగింది. పెళ్లయినప్పటి నుంచి క్రిస్మసుకొకటి చొప్పున ఆమె చేసిన బొమ్మలు బిస్కెట్ల రేకుడబ్బాలో ఉన్నాయి, అవి తగిలించడానికి. ఏడాది ఆరితే గానీ ఉలి పెట్టనన్నాను. సరేనంది. మార్చిలో పోయింది.

"చెప్పి ఉంటే పచ్చికర్రతోనే చేసేవాణ్ణి," అంటాను. "వారంలో అయ్యేది."

"నెల తిరక్కుండా పగిలేది."

"పగిలితే పగిలేది. నువ్వు చూసేదానివి."

ఆమె నవ్వుతుంది. "తొందరపడి చేసిన కోళ్లగూడు మర్చిపోయావా ఏందయ్యా? తలుపు లోపలికి తెరుచుకునేట్టు పెట్టావు. కోళ్లు లోపలుంటే తలుపు రాదు. నేను పోతన్నానని తెలిస్తే ఏడుస్తా పట్టేవాడివి ఉలి. వేలు తెగ్గోసుకునేవాడివి. ఆ కట్టు ఎవరు కడతారు, నేనుండను గదా?"

నా దగ్గర జవాబు ఉంది, గట్టి జవాబే, కానీ నోరు తెరిచేలోపు దుంగ నిలబడిపోయి ఉంది, ఎప్పుడు చిత్రిక పట్టానో, బెజ్జాలు ఎప్పుడు వేశానో తెలియదు, కింద బారెడు కొమ్మలు, పైకి పోను పోను జానెడు కొమ్మలు, ప్రతి కొమ్మకూ ఒక మేకు, ఆమె డబ్బా ఒడిలో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి తగిలిస్తోంది, గాజుముక్కల నక్షత్రం, దారపు రీలుతో చేసిన గంట, తాటాకు పిట్ట.

"ఇది మీ అమ్మ నాతో మాట్లాడని ఏడు నేను చేసింది," అంటుంది పిట్టను తిప్పుతూ. "అందుకే దీనికి ముక్కు పొడుగు."

నాకు నవ్వొస్తుంది. నవ్వకూడదనుకున్నాను.

పైన ఒక్క మేకు ఖాళీగా ఉంది.

"దానికి తగిలించేదేది?" అంటాను.

"నిరుటిది. చెయ్యలా. చెయ్యి ఆడలా అప్పటికే."

నీళ్లు వెచ్చగా ఉన్నాయి. బల్లలన్నీ పోయాయి. చెట్టు మళ్లీ దుంగయి మా ఇద్దరి మోకాళ్ల మీద అడ్డంగా పడుకుని ఉంది, బరువుగా ఉంది, ఆ బరువు బాగుంది. నేను పేడలో చెయ్యి పెట్టి నా కొసకు మెత్తుతున్నాను, ఆమె తన కొసకు మెత్తుతోంది.

"నేను క్షమించలేదు," అంటాను.

"నిన్నెవరడిగారు? మెత్తు."

మెలకువ వచ్చింది. వసారాలో మంచం మీద ఉన్నాను, పట్టపగలు, ఎండ కాళ్ల మీదికి వచ్చింది. ఏడాది నిండిందని పొద్దున అటక మీంచి దించిన వేపదుంగ మంచం పక్కనే ఉంది. వేలితో తట్టాను. ఖంగుమంది. ఆరింది.

ముందు చేయాల్సిన పని రెండు కొసలూ అంగుళం మేర కోసి పారేయడం. నిరుడు నేను పేడ మెత్తిన కొస కోశాను. దుంగను తిప్పితే రెండో కొస నా వైపు వచ్చింది. ఎండిన పేడలో మూడు వేళ్ల చారలు పక్కపక్కనే ఉన్నాయి. నాలుగోది లేదు.

రంపం పక్కన పెట్టాను. ఆ కొసను చెట్టుకు పైభాగం చేస్తాను. మిగతా బొమ్మలు డబ్బాలో ఉన్నాయి, నిరుటిది ఈ పైకొసే. ఇంత బాగా చేసి పేడ ఎందుకు వదిలేశావయ్యా అని చూసినవాళ్లు అడుగుతారు. చెప్పను. ఆ అబద్ధం సంగతి ఇక ఎవరితోనూ ఎత్తను, ఆమె మళ్లీ వచ్చినా.