మూడు వేళ్ల మడమ

కెనడాలోని గ్వెల్ఫ్ ఊరి లైబ్రరీలో వాల్టర్ ఎక్కడున్నాడో తెలియడానికి తల ఎత్తి చూడనక్కర్లేదు, వింటే చాలు. పుస్తకాల బీరువాల మధ్య నుంచి ముందు టక్కు టక్కుమని చప్పుడొస్తుంది, దాని వెనక ఆరడుగుల మూడంగుళాల మనిషి వస్తాడు. నెరిసిన గడ్డం, గళ్ల చొక్కా, మెళ్లో గుర్తింపు కార్డు. కాళ్లకి మూడు వేళ్ల ఎత్తు మడమలున్న నల్ల తోలు బూట్లు.

రాఘవులు ఆయన్ని మొదటిసారి చూసింది రెజ్యూమేలు ప్రింటు తీసుకునే లైనులో నిలబడి. ఆ ఏడాది ఊరినిండా చదువుకోడానికొచ్చిన మన పిల్లలే. కిరాణా షాపులో ఒక్క ఉద్యోగం పడిందంటే తెల్లారేసరికి నూటయాభై మంది ఫుట్‌పాత్ మీద చలికి కాళ్లు మార్చి మార్చి నిలబడేవాళ్లు. లైనులో అందరూ ఫోన్లలో తలలు దూర్చి ఉంటే, రాఘవులు కళ్లు మాత్రం ఆ బూట్లని వదల్లేదు. పొట్టివాడు మడమలు తొడిగాడంటే అర్థం ఉంది. ఈయనకి ఇంకా ఎత్తెందుకు? ఒక కాలు పొట్టేమో అనుకుంటే రెండూ సమంగానే పడుతున్నాయి. నాటకాల మనిషా అంటే ప్రింటర్‌లో కాగితాలు పెడుతున్నాడు. పైగా ఒక్కరూ నవ్వడం లేదు. అది మరీ వింత.

ఆ రెజ్యూమేల్లో ఒకటి తీసుకెళ్లి ఇచ్చిన చోటే అతనికి పని దొరికింది. డౌన్‌టౌన్‌లో బూట్లు బాగుచేసే చిన్న షాపు. యజమాని డొమినిక్, ఎప్పుడో ఇటలీ నుంచి వచ్చి స్థిరపడ్డ ముసలాయన. రెజ్యూమే పక్కన పడేసి, అడుగు ఊడిన బూటొకటి, తోలు కుట్టే ఆరె ఒకటి చేతికిచ్చి కుట్టమన్నాడు. రాఘవులు కుట్టాడు. వినుకొండ దగ్గర వాళ్ల ఊళ్లో తాత కిర్రు చెప్పులు కుట్టడంలో పేరు మోసినవాడు. వేసవి సెలవులన్నీ ఆయన పక్కన తోలు నానబెడుతూ గడిచాయి. డొమినిక్ కుట్టు మీద బొటనవేలు పెట్టి రాసి చూసి, కిటికీకి అంటించిన ‘మనిషి కావాలి’ కాగితాన్ని పీకేశాడు.

ఇంట్లో తనతో ఉండే ఐదుగురికీ మాత్రం రాఘవులు "షూ స్టోర్‌లో సేల్స్" అని చెప్పుకున్నాడు. దానికో కారణం ఉంది. వచ్చిన మొదటి వారమే వాళ్లలో గుంటూరు లోహిత్ అన్నం కలుపుకుంటూ, "మీ ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు బావా?" అని అడిగాడు. ఆ ప్రశ్న దేనికోసమో ఆంధ్రాలో పుట్టిన ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. రాఘవులు "బస్టాండు వైపు" అన్నాడు. వాళ్ల ఊరికి బస్టాండే లేదు.

అలా ఐదు నెలలు సాఫీగా గడిచాక, మార్చి నెలలో ఒక గురువారం వాల్టర్ బూట్లు షాపుకొచ్చాయి. కుడి బూటు మడమ మంచు మీద జారి సగానికి విరిగింది. శనివారం ఒంటిగంటకి కావాలి, మేనకోడలి పెళ్లి ఉంది అన్నాడట. శుక్రవారం డొమినిక్ కళ్ల డాక్టరు దగ్గరికెళ్లాడు. రాఘవులు ఒక్కడే షాపులో ఉన్నాడు. పని చెయ్యమని ఎవరూ అనలేదు, చేసి చూపిద్దామని తనకే అనిపించింది.

ఒక చెప్పు అరిగితే తాత రెండోదాన్ని కూడా దానికి సమంగా చెక్కేసేవాడు. తొడుక్కునేవాడు కుంటకుండా ఉంటే చాలు. ఆ లెక్కనే రాఘవులు విరిగిన మడమని నున్నగా అరగదీసి, నిక్షేపంలా ఉన్న ఎడమదాన్ని కూడా దాని ఎత్తుకే కోసేశాడు. కోస్తుంటే లోలోపల ఇంకో మాట కూడా ఉంది. మగమనిషికి ఈమాత్రం మడమ చాలదా, పెళ్లిలో పదిమందీ నవ్వకుండా ఆయనకి మేలే చేస్తున్నాను అనుకున్నాడు.

శనివారం పొద్దున డొమినిక్ ఆ బూట్లని బల్ల మీద పెట్టి, నల్ల కళ్లద్దాలు పైకి జరిపి, చాలాసేపు చూశాడు. బూట్ల మూతులు రెండూ పడవ కొసల్లా గాల్లోకి లేచి ఉన్నాయి.

"ఇవేంటి?" అన్నాడు.

"సమం చేశాను సర్."

"దీని లోపల, పాదం నడుమ కింద, ఇనప బద్ద ఉంటుంది. ఎత్తు మడమకి తగ్గట్టు వంచిన బద్ద. నువ్వు మడమ కోశావు గానీ బద్ద కొయ్యలేదుగా. ఇప్పుడిది తొడుక్కుంటే మనిషి వెనక్కి పడతాడు."

రాఘవులు ఒక బూటు చేతిలోకి తీసుకున్నాడు. "మళ్లీ కడతాను సర్. తోలు పొరలు పొరలుగా అంటించి."

"ఎంత ఎత్తు కడతావ్? కొలిచావా కోసేముందు?"

"మూడు వేళ్లు ఉండేది."

"ఎవరి వేళ్లు? నీవా, వాల్టర్‌వా?" డొమినిక్ సొరుగు లాగాడు. అందులో చేతి మందాన రెజ్యూమేలు. "నిన్న కళ్లలో వేసిన మందు ఇంకా దిగలేదు, నేను మేకు కూడా కొట్టలేను. నువ్వే చెడగొట్టావు, నువ్వే బాగు చెయ్యి. ఇరవై ఏళ్లుగా వస్తున్న మనిషి ఒంటిగంటకి ఈ గుమ్మంలోంచి మొహం మాడ్చుకుని వెళ్లాడంటే, కిటికీ మీద కాగితం మళ్లీ అంటిస్తాను."

రాఘవులు కూర్చున్నాడు. మందపాటి తోలు కోసి, జిగురు రాసి, ఆరబెట్టి, గూటంతో కొట్టి, ఒక్కో పొరా పేర్చుకుంటూ పోయాడు. కిర్రు చెప్పుకి అట్టలు పేర్చే పనే ఇది. ఆరు పొరలయ్యాక బూటు మూతి నేలకి దిగింది. సరిపోయిందా, ఇంకా కావాలా? కంటికి తెలియడం లేదు.

"తొడుక్కో," అన్నాడు డొమినిక్. "నా మోకాలు బాగోలేదు. నీ బూటు సైజు పది, ఆయనదీ పదే. చర్చి దాకా నడిచిరా. ఎక్కుడూ దిగుడూ రెండూ ఉంటాయి. బద్ద నీ పాదంతో పోట్లాడటం మానిందంటే ఎత్తు కుదిరినట్టు."

"ఈ బూట్లతో బజార్లోకా?"

"ఈ షాపులో నాలుగడుగులే ఉంది చోటు."

టైము పదకొండున్నర. రాఘవులు జిగురు మరకల ఏప్రనుతోనే రోడ్డెక్కాడు. మొదటి పదడుగులు బురదగట్టు మీద నడుస్తున్నట్టే ఉంది. చీలమండలు లోపలికి ఒరిగిపోతున్నాయి. తల వంచి, కాళ్లు చూసుకుంటూ, గోడవారగా జరిగాడు. ఎంత మెల్లగా అడుగేసినా టక్కుమంటూనే ఉంది.

ఆ చప్పుడుకి తాత గుర్తొచ్చాడు. ఆయన కుట్టిన కిర్రు చెప్పులు తొడుక్కుని రైతులు వీధిలో వస్తుంటే, అరుగుల మీది ఆడవాళ్లు చప్పుడు విని లేచి లోపలికెళ్లేవాళ్లు. తాతకీ ఒక జత ఉండేది, తనకోసం కుట్టుకున్నది. పొలం గట్ల మీద కిర్రుకిర్రుమని నడిచేవాడు. పెద్దవీధి మలుపు రాగానే విప్పి చంకలో పెట్టుకునేవాడు. వీధి దాటాక మళ్లీ తొడుక్కునేవాడు. అదేదో కాళ్లకంటిన దుమ్ము దులుపుకున్నంత మామూలుగా చేసేవాడు. రాఘవులు ఎప్పుడూ ఎందుకని అడగలేదు.

బస్టాపు దగ్గర ఎవరో పిలిచారు. లోహిత్, వాళ్ల ఇంట్లోనే ఉండే కరీంనగర్ తనీష్, ఇద్దరి చేతుల్లోనూ బియ్యం సంచులు.

"ఏంది రాఘవన్నా, ఎవరి బూట్లు తొడిగినవ్?" అన్నాడు తనీష్. "మస్తు పొడుగైనవ్."

లోహిత్ కిందికీ పైకీ చూసి నవ్వాడు. "ఆడాళ్ల సెక్షన్లో వేశారా బావా నిన్ను? ఆ ఏప్రన్ ఏంటి? సేల్స్ అన్నావు గదా."

రాఘవులు చెయ్యి అప్రయత్నంగా ఏప్రను ముడి మీదికి పోయింది. విప్పి చంకలో పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే బూట్లు మిగిలే ఉంటాయి. చెయ్యి దించేసి, తల ఎత్తి, లోహిత్ కళ్లలోకి చూశాడు.

"సేల్స్ కాదు. రిపేరు. కుడతాను, మేకులు కొడతాను. ఈ మడమలు ఇప్పుడే నేను కట్టాను."

"నీకెక్కడ వచ్చింది ఆ పని?"

"మా తాత నేర్పాడు. మా ఇంటి పనే అది."

లోహిత్ నవ్వు ఆగింది. కొలత తీసుకుంటున్నట్టు కళ్లు ఒకసారి కదిలాయి. ఐదు నెలల కింద అడిగిన ప్రశ్నకి జవాబు అందినట్టుంది. తనీష్ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "మరి నడుస్తుంటే నొస్తలేదా?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

అప్పుడు తెలిసింది రాఘవులుకి. ఇంతసేపూ తల దించి నడిచాడు గనక బరువంతా ముందుకే ఉంది. ఇప్పుడు తల ఎత్తి నిటారుగా నిలబడితే ఒళ్లు పిసరంత వెనక్కి లాగుతోంది. బద్ద ఇంకా పోట్లాడుతూనే ఉంది. ఈ బూట్లు తొడిగే మనిషి నేల చూస్తూ నడవడు. కాబట్టి ఎత్తు బూటు మూతి నేలకి ఆనిందా అని చూసి కట్టేది కాదు, నిటారుగా నిలబడే మనిషిని చూసి కట్టేది.

"ఇంకొక పొర పడాలి," అన్నాడు తనలో తనే. "వస్తా బావా, టైము లేదు."

చర్చి దాకా వెళ్లనే లేదు. వెనక్కి తిరిగి రోడ్డు నడిమధ్య దాటాడు. కారువాడొకడు ఆగి దారిచ్చాడు, బూట్ల వంక చూడనైనా లేదు. ఏడో పొర వేసి, అంచులు నున్నగా గీసి, నల్లరంగు పూసి, ఆరేసరికి ఒంటిగంటకి ఐదు నిమిషాలుంది.

వాల్టర్ తొడుక్కుని షాపులో నాలుగడుగులు అటూ నాలుగడుగులు ఇటూ నడిచాడు. ఆగాడు.

"వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నట్టుంది," అన్నాడు వాల్టర్.

"కొత్త తోలు సర్. రెండు రోజులు తొక్కితే అణిగిపోతుంది." అది తాత ప్రతి బేరగాడికీ చెప్పే మాట.

వాల్టర్ ఇంకోసారి నడిచి తలూపాడు. డొమినిక్ సొరుగు మూసేశాడు. అప్పుడు రాఘవులు ఇన్నాళ్ల అనుమానం బయటపెట్టాడు. "ఒక మాట అడగనా సర్. మీకు ఎత్తుంది కదా. ఈ మడమలెందుకు?"

వాల్టర్ గడ్డం గోక్కున్నాడు. ఆ ప్రశ్న తననింతవరకూ ఎవరూ అడగనట్టు ఆలోచించాడు. "చప్పుడు బాగుంటుంది," అన్నాడు. "నేనొస్తున్నానని తెలిసి పిల్లలు చిప్స్ పాకెట్లు దాచేసుకుంటారు. లేకపోతే తిట్టాలి కదా."

ఆయన వెళ్లాక చప్పుడు వీధి చివరిదాకా వినబడింది. డొమినిక్ తర్వాతి జత తెచ్చి రాఘవులు ముందు పెట్టాడు, పక్కనే టేపు కూడా. "ముందు కొలువు," అన్నాడు.

టేపు చాపుతుండగా ఫోన్ మోగింది. లోహిత్ మెసేజ్. ‘బావా, నా స్నో బూటు జిప్పు పోయింది. సాయంత్రం ఇంట్లో చూస్తావా?’

రాఘవులు ఆ మెసేజ్‌ని రెండుసార్లు చదివాడు. అందులో ఎంత చనువుందో, ఎంత లెక్కుందో తేలలేదు. చేతికంటిన జిగురు ఏప్రనుకి తుడుచుకుని జవాబు కొట్టాడు.

‘షాపుకి తీసుకురా. ఇక్కడే చేస్తా.’