అరువదినాలుగు రింగుల మౌనము

జ్యేష్ఠమాసాంతమున గ్రీష్మతాపతప్తసైకతమైన భీమునిపట్నపు తీరమున సాగరుడు తొలకరిమేఘముల జాడ నరయుచు మందమందముగా నిట్టూర్పులు నిగుడ్చుచుండెను. వేటనిషేధకాలము మరునాటి యుదయముతో ముగియనుండుటచే రెండు మాసములుగా నిసుకతిన్నెలపై నొరగి విశ్రమించిన పడవల కొకరు రంగులు పూయుచు నొకరు వలల చిరుగులు కుట్టుచు వేరొకరు మొరాయించు నింజనులను బుజ్జగించుచు మత్స్యకారులెల్లరు పెండ్లివారివలె హడావిడిపడుచుండిరి. ఇంత సందడిలో సంతోషమునకు నోచుకొనని యువతి యొక్కతె మాత్రము తీరమున కెదురుగా గుట్టపై నున్న ప్రయోగశాలలో విస్తరాకంత పలకను ముందిడుకొని తల పట్టుకొని కూర్చుండి యుండెను.

ఆమె పేరు దమయంతి. పడవలకు యాంటెన్నాలు రచించుట యామె వృత్తి. పడవపై నిలువెత్తు కడ్డీని నిలిపినచో గాలివానకు విరుగును. పొట్టికడ్డీని నిలిపినచో రేడియోలో పలికిన మాట దూరము పోదు. ఈ రెంటి నడుమ దారిని వెదకుచు మూడేండ్లు శ్రమించి యామె పలకపై నెనిమిది వరుసలుగా నరువదినాలుగు రాగిరింగులను తీర్చి వాని నడుమ జానెడు కడ్డీని నిలుప నేర్చెను. రాగికి గాని పలకకు గాని పుట్టుకతో లేని గుణమును ఆ రింగుల యాకారకూర్పులే కల్పించి విద్యుదయస్కాంతతరంగములను కోరినట్లు నడిపించుననియు అందుచే జానెడు కడ్డీయే నిలువెత్తు కడ్డీ పనిని చేయుననియు శాస్త్రము. శొంఠియు మిరియమును పిప్పలియు వేరువేరుగా చేయని మేలును కషాయమున గూడి చేయుట మన మెరుగనిదా!

శాస్త్రము చెప్పెను, కంప్యూటరు ఔననెను, పలక మాత్రము పెదవి విప్పకుండెను. కొలతయంత్రపు తెరపై లోయవలె దిగవలసిన గీత బల్లపరుపుగా సాగిపోవుచుండెను. దమయంతి తీగలను మార్చెను. యంత్రమును మార్చెను. మూడుమార్లు గణితమును తిరుగవేసెను. కర్ణుని చావునకు కారణములు వేయి యన్నట్లు సందేహములు వేయి పుట్టెను గాని నిజమైన కారణ మొక్కటియు చేతికి చిక్కదయ్యెను. తొలుత తీగను పిమ్మట యంత్రమును అటుపిమ్మట శాస్త్రమును శంకించి తుదకు తన్ను దానే శంకించుకొని కాలు కాలిన పిల్లివలె గదిలో నటునిటు తిరుగసాగెను. తెలియకపోవుట యొక యెత్తు, తెలిసినదంతయు తప్పేమో యని తోచుట మరియొక యెత్తు. తాను చదివినది చదువేనా యని యామెకు నిజముగా భయము వేసెను.

ఆ భయమునకు వేరొక హేతువును గలదు. క్రిందటి కార్తికమున వాయుగుండములో జిక్కుకొనిన అప్పన్న పడవ మూడు దినములు తీరమునకు మాట వినిపింపలేకపోయెను. అతడు ప్రాణములతో మరలివచ్చుట దైవికము. అతని భార్య పైడమ్మ యీ ప్రయోగశాలలోనే పదునైదేండ్లుగా రాగిపలకలకు సోల్డరు పెట్టుచుండెడి పనికత్తె. ఆమె చేయి పడిన పలకలో లోపమను మాట యెవ్వరును విని యెరుగరు. ఈ పలకను సిద్ధపరచి యుప్పుగాలికి చెడకుండ దట్టముగా పచ్చని పూత పూసి యిచ్చినదియు నామెయే. మరునాడు దీనిని మొట్టమొదట కట్టవలసినదియు నప్పన్న పడవకే. కట్టవచ్చునో కూడదో సాయంకాలములోపల వ్రాసి యిమ్మని పై యధికారి కబురంపుట గోరుచుట్టుపై రోకటిపోటయ్యెను. గత్యంతరము గానక దమయంతి “ఈ సాధనము నమ్మదగినది కాదు” అని వ్రాసి సంతకము చేయబోవునంతలో పైడమ్మ వచ్చి గుమ్మమున నిలిచెను.

“అమ్మా, తెల్లారితే ఏటకెల్లిపోతారు. మా ఆయన పడవకి ఆ పలక కట్టరేటి?”

“కట్టలేను పైడమ్మగారూ. అది పలకడం లేదు. ఎందుకో నాకే అర్థం కావడం లేదు.”

పైడమ్మ మోము చిన్నబోయెను.

“నా పనిలో లోటు నేదమ్మా. మా ఆయన పానం దానిమీదే ఉన్నాదని ఒక్కో రింగూ మీటరెట్టి సూసినాను. ఒక్కటీ కూయనేదు. పలక అచ్చేసిన ఫిల్ములో గీత పడిపోనాది గావాల, అన్ని రింగులూ ఒకేకాడ తెగిపోయున్నాయి. మీకు సెప్తే సిన్నబోతారని అరవైనాలుగూ నానే అతికీసి పైన పూతెట్టీసినాను. ఇప్పుడన్నీ బాగా కూత్తన్నాయి.”

దమయంతి చేతిలోని కలము క్రింద పడెను.

ఆ తెగిన చోటులు లోపములు గావు, దమయంతి కోరి విడిచిన సందులు. రింగులోని విద్యుత్తు ఆ సందుకడకు వచ్చి నిలిచి గుమిగూడి వెనుకకు మరలి మరల వచ్చుచు నుయ్యాలవలె నూగుటచేతనే తరంగమునకు జత కూడును. సందును పూడ్చినచో నూగుట లేదు, రింగు వట్టి చేతిగాజు. పలకలకు ప్రాణము పోయు చేయి ప్రేమకొలది యింకొకింత శ్రద్ధ వహించి యరువదినాలుగు ప్రాణములను పూడ్చివైచెను.

దమయంతికి తొలుత కోపము వచ్చెను. వెనువెంటనే నవ్వు వచ్చెను. ఆ రెంటి వెనుక వచ్చిన సిగ్గు మాత్రము కదలక నిలిచెను. నెలరోజులు పైడమ్మ చేతికి పటములిచ్చి పని చేయించుకొనినదే గాని యీ రింగు లెందుకు, ఈ సందు లెందుకు అని యొక్కనాడైన చెప్పి యుండలేదు. చెప్పిన నామెకు తెలియదని తలచి కాదు, చెప్పవలయునని తోచనే లేదు. పని చేయు చేతికి పనిలోని మర్మమును దాచిన పాండిత్యము తాను కట్టిన యింటికి తానే నిప్పు పెట్టుకొనును. ఈ మాట యే గ్రంథమునను చదువకయే యామె కా క్షణమున తెలిసెను.

దమయంతి పైడమ్మను కూర్చుండబెట్టి సంగతియంతయు నెమ్మదిగా చెప్పగా ఆమె కన్నులార్పక వినెను.

“అయితే మా ఆయన గొంతు నానే కుట్టీసినానేటమ్మా?”

“మీరు కాదు. నోరు విప్పి చెప్పనిదాన్ని నేను. రండి, విప్పుదాం.”

పూతను గీకి సోల్డరును కరిగించి తీయవలయును. పదునైదేండ్లలో తెగిన గీతలను కలుపుటయే గాని కలిసిన గీతను తెంచుట యెరుగని యా చేయి మొదటి రింగుపై నిలిచిపోయెను.

“సక్కగా ఉన్నాది గదమ్మా. తీసీమంటారా?”

“తీసెయ్యండి.”

ఆమె తీసెను. ఒకటి తీసిన పిదప రెండవదానికి చేయి ఆగలేదు. ప్రొద్దు వాలునప్పటికి కడపటి సందు కూడ తెరచుకొనెను. దమయంతి తీగ తగిలించి తెరవైపు చూచుటకు ధైర్యము చాలక క్షణకాలము కన్నులు మూసికొనెను. తెరచి చూడగా గీత గణితము చెప్పిన తావుననే యెవరో త్రవ్విపెట్టినట్లు లోతుగా దిగి యుండెను. అధికారికి వ్రాసిన కాగితమును ఆమె నాలుగు ముక్కలుగా చించివైచెను.

మరునాడు అప్పన్న పడవ యితర పడవలతో గూడ తెల్లవారగనే సాగిపోయెను. మిట్టమధ్యాహ్నము దాటెను. పూర్వమైనచో ఏ దూరమున పొట్టికడ్డీల మాటలన్నియు నణగిపోవుచుండెనో యా దూరమును పడవ దాటి గడియ యయ్యెను. ప్రయోగశాలలోని రేడియోకడ నిరువురు స్త్రీలును చెవియొగ్గి కూర్చుండిరి. గరగరమని యొక చప్పుడు. మరల నిశ్శబ్దము. అంతట తేటగా,

“పైడీ, ఇనబడతందేటే?”

రేవునంతటిని నోటితో నేలగల పైడమ్మ దమయంతి మొగమువైపు చూచెను. దమయంతి మీట నొక్కి రేడియోను ఆమె నోటికడ నుంచెను.

“ఇనబడతంది. ఏదో ఒకటి మాటాడు.”

అప్పన్న మొదటినుండియు మితభాషి. ఏమి మాటాడవలయునో తోచక వలలో పడిన చేపల పేర్లను వరుసగా చెప్పదొడగెను. వంజరాలు, చందువాలు, కవ్వళ్లు, రెండు చిన్న సొరలు. పైడమ్మ కన్నీరు తుడుచుకొనక వాని నన్నిటిని వినెను. చెప్పుటకు చేప లయిపోయి యతడు మౌనము వహింపగా ఆమె మీట నొక్కి యిట్లనెను:

“మల్లీ సెప్పు.”