ఎనిమిది నిమిషాల కిటికీ

ఎనిమిదో తరగతి గదికున్న ఒకే ఒక్క కిటికీలో వరండా ఎప్పుడూ ఎనిమిది నిమిషాలు పాతది. ఆలస్యంగా వచ్చిన పిల్లలు ముందు బెంచీ మీద కూర్చుని ఆయాసపడేవారు, ఆ తర్వాత కిటికీలో పరిగెత్తుకుంటూ వచ్చేవారు. అద్దం మార్చాలని ఎవరికీ తోచలేదు. సైన్సు టీచరమ్మకైతే అది కలిసొచ్చింది కూడా. "సూర్యుడి వెలుగు మన దాకా రావడానికీ ఇంతే పడుతుందర్రా" అని ఏటా దాన్ని చూపించే పాఠం ఎత్తుకునేది.

ఆ ఉదయం పిల్లలంతా మైదానంలో డ్రిల్లు చేస్తున్నారు. టీచరమ్మ ఆఫీసు గదిలోంచి ఎండతో తిరిగే బుల్లి ఫ్యాను పట్టుకొస్తోంది. ప్రశ్నల పుట్ట అని అందరూ పిలిచే పిల్ల మూడు నెలలు కూర్చుని చేసిందది. రేపే పోటీ. నెగ్గితే పెద్ద బళ్లో సీటు. వరండాలో టీచరమ్మ కాలి చెప్పు మడతపడింది, ఫ్యాను నేలపాలైంది. ముక్కలన్నీ ఏరి, తీసుకెళ్లి పుట్ట బెంచీ మీద పెట్టేసింది.

గంట కొట్టారు. పిల్లలొచ్చారు, వెనకే హెడ్‌మాస్టరమ్మ వచ్చింది.

"ఏమైందిది?"

"అతికించడం చేతకాదు గానీ పోటీలు కావాలి!" అంది టీచరమ్మ. నాలుక అంత సులువుగా తిరిగినందుకు ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

హెడ్‌మాస్టరమ్మ చేతిలోని కాగితం మీద పుట్ట పేరు కొట్టేసింది. "మీరు పాఠం కానివ్వండి. ఇంకెవరిని పంపాలో చూస్తాను" అని వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

టీచరమ్మ బోర్డు మీద సూర్యుణ్ణి గీసింది. "ఈ సూర్యుడు ఉన్నట్టుండి ఆరిపోయాడనుకోండి. ఎనిమిది నిమిషాల దాకా మనకి తెలీదు. ఎండ కాస్తూనే ఉంటుంది. అంతా బాగానే ఉందనుకుంటాం..." అక్కడ ఆవిడ మాట ఆపి కిటికీ వైపు చూసింది.

కిటికీలో వరండా ఇంకా ఖాళీగా ఉంది.

ఇన్నేళ్లు ఊదరగొట్టిన కిటికీనే మర్చిపోయిన మహా తెలివి ఆవిడది! "ఎండ కళ్లలో కొడుతోంది" అంటూ వెళ్లి తెర పట్టుకుంది.

"వెయ్యకండి టీచర్, నేనింకా రాలేదు!" అంది ఆ రోజు ఆలస్యమైన పిల్ల. తరగతంతా గొల్లుమంది.

పుట్ట నవ్వలేదు. ఏ ప్రశ్నా అడగలేదు. ముక్కల్ని ఒళ్లో పెట్టుకుని, "జిగురు నేనే తక్కువ రాశానేమో టీచర్" అంది.

ఆ పిల్ల పోట్లాడి ఉంటే టీచరమ్మ తెర లాగేసేదే. ఇప్పుడు తెరని వదిలేసింది.

"మేడమ్, ఒకసారి ఇటొచ్చి చూడండి."

కిటికీలో టీచరమ్మే నడిచొచ్చింది. చెప్పు మడతపడింది. ఫ్యాను పడింది. హెడ్‌మాస్టరమ్మ పెన్ను తీసి, కొట్టేసిన పేరు కిందే మళ్లీ అదే పేరు రాసింది.

"జిగురు ఊడలేదు టీచర్! కింద పడ్డాకే విరిగింది!" పుట్ట ముఖం వెలిగిపోయింది. "సాయంత్రానికల్లా అతికించేస్తా."

అయిపోయిందనుకుంది టీచరమ్మ. కాలేదు. కిటికీలోని ఆవిడ ముక్కలు పట్టుకుని లేచింది, అటూ ఇటూ చూసింది, గదిలో ఎవరైనా ఉన్నారేమోనని అద్దానికి ముఖం ఆనించింది. ముప్పై మంది పిల్లలు తిన్నగా ఆ కళ్లలోకి చూశారు.

ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, ఆ ముఖం హమ్మయ్య అనుకుని చిన్నగా నవ్వింది.