నల్లబల్ల మీద నది

మీ ఊరి బడిలో నల్లబల్ల చివరిసారి ఎప్పుడు తడిసింది, చెప్పండి? తుడిచినప్పుడు కాదు, తనంతట తాను.

ఒక ఊరి బడిలో రోజూ తడిసేది. పర్యావరణం పాఠం చెప్పే టీచరమ్మ ఓసారి సుద్దముక్కతో ఊరి నదిని గీసింది. అప్పటి నుంచి ఆ గీత పారుతూనే ఉంది. ఆయా పొద్దున్నే వచ్చి కింద బకెట్టు మార్చేది. బయట నది ఏ రంగులో ఉంటే బల్ల మీది నదీ అదే రంగు.

"ఏమే, ఇవాళ మీ నాన్న ఎరుపు వేస్తున్నట్టున్నాడే!" అని పిల్లలు రంగులాయన కూతుర్ని ఆటపట్టించేవాళ్లు.

నది ఒడ్డున ఉన్న ఒకే ఒక్క అద్దకం కార్ఖానా ఆయనది. రంగు రంగుకీ కొత్త నీళ్లే పెట్టేవాడు. పాత తొట్టిని కాలువలోకి వంచేసి "పీడా పోయింది" అనేవాడు. చివరికి సర్కారు నోటీసు వచ్చింది: సోమవారానికి నది తేటపడకపోతే కార్ఖానాకు తాళం.

"కాలువ మీద బండ కప్పేస్తే సరి," అన్నాడాయన.

"కప్పితే బడిలో కనబడదా నాన్నా? పారబోసింది ఎక్కడికీ పోదు. మా టీచర్ చెప్పింది."

"మీ టీచర్ వచ్చి నా కూలీలకు అన్నం పెడుతుందా?"

"పెట్టదు. అందుకే నేనొచ్చా. నీలం మిగిలిన నీళ్లలోనే నలుపు వెయ్. ఆపైన మిగిలింది ఇసుక, బొగ్గు నింపిన తొట్లలోంచి దించుదాం."

"ఎంగిలి నీళ్లలో అద్దకమా! మా నాన్న వింటే తన్నేవాడు."

"ఆ తన్నులేవో నేను తింటాలే. ఒక్క బట్ట వేసి చూడు."

వేశాడు. నలుపు మునుపెన్నడూ లేనంత చిక్కగా పట్టింది. ఆయన బట్టను వెలుతురులో అటూ ఇటూ తిప్పి, చొక్కా చేతులు పైకి మడిచాడు. క్లాసు క్లాసంతా వచ్చి ఇసుక మోసింది. తొట్లలోంచి మొదటి నీళ్లు నల్లగా దిగేసరికి రంగులాయన పళ్లు నూరాడు.

"అయ్యో, బొగ్గు కడగడం మర్చిపోయాం!" అని పిల్ల పకపకా నవ్వింది. కడిగాక నీళ్లు తేటగా దిగాయి.

సోమవారం అధికారి వచ్చాడు. నది దాకా వెళ్తే బూట్లు పాడవుతాయని, అందరు అధికారుల్లాగే తిన్నగా బడికే వచ్చాడు. రంగులాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బల్ల మీద నది అడుగున గులకరాళ్లు కనబడేంత తేటగా పారుతోంది. అందులోంచి వెండిచేప ఒకటి ఎగిరి అధికారి ఫైలు మీద పడింది. ఆయన దాన్ని మర్యాదగా నదిలో వదిలి, తెచ్చిన తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. బడి ఈలలతో దద్దరిల్లింది.

మర్నాడు వెనక బెంచీల మీద మోకాళ్లు పట్టక తంటాలు పడుతూ రంగులాయన, ఆయన కూలీలు, కింది ఊరి తోళ్ల కార్ఖానావాళ్లు కూర్చున్నారు. సుద్దముక్క పిల్ల చేతిలో ఉంది.

ఇక మీ వంతు. రేపే మీ పిల్లల బడికి వెళ్లండి. పరీక్షలో రాదని పర్యావరణం పాఠం ఎత్తేసి ఉంటే, మళ్లీ పెట్టేదాకా గుమ్మం దిగకండి. టీచరు చేతికి సుద్దముక్క ఇచ్చి మీ నదిని గీయమనండి. బకెట్టు మాత్రం మర్చిపోకండి.