మేక మెడలో నలభై ఒకటో కిలోమీటరు

వినీల్ గారూ, తప్పు మీది. మీదీ, మీ కొండగాలి రన్నర్స్ క్లబ్బుదీ. మేకది కాదు. సొంబారిది కాదు. 212 నంబరు మనిషిది అంతకన్నా కాదు. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీరు చివరిదాకా చదవరు. చివరిదాకా ఆగే అలవాటే మీకుంటే ఇంత కథ జరిగేదే కాదు.

నేను ఒక ఎర్ర రిబ్బన్ ముక్కను. మూరెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. పట్టులా మెరుస్తాను గానీ పట్టును కాను, పాలియెస్టర్‌ని. సూరత్‌లో ఏదో మిల్లులో పుట్టి, విశాఖపట్నంలో ఒక టెంట్‌హౌస్‌కి చుట్టగా చేరాను. మా వంశానికి పని ప్రారంభోత్సవాలు. చుట్టలో నాకన్నా పై వరసలో ఉన్నవాళ్లను నీళ్లు రాని ట్యాంకుకు కట్టారు, బస్సు ఆగని షెల్టరుకు కట్టారు. ఒక్క కత్తెర మీద పదకొండు చేతులు పడేవి. ఫొటో అయ్యాక ఏ చెయ్యీ ఉండేది కాదు. ముక్కలు కిందపడి, చెప్పుల కింద నలిగిపోయేవి. నా బతుకూ అంతేననుకున్నాను. నన్ను కత్తిరించేటప్పుడు చప్పట్లయినా కొడతారని ఆశ ఉండేది, అదీ దక్కలేదు. మీరు చుట్ట కొనుక్కుపోయి ఇంట్లో టీవీ చూస్తూ మూడు వేల రెండు వందల ముక్కలు చేశారు.

మా పని దారి చూపించడం. అరకు వైపు కొండల్లో యాభై కిలోమీటర్ల పరుగు పెట్టారు. రోడ్డు మీద కాదు, అడవిలో, కాఫీ తోటల్లో, వాగుల్లో, మేకలు కూడా ఆలోచించి అడుగేసే రాళ్ల మీద. తెల్లవారి అయిదింటికి మొదలు, సాయంత్రం అయిదింటికి ఆఖరు. ఆ లోపల చేరకపోతే మనిషి పరిగెత్తనట్టే లెక్క. యాభై అడుగులకో రిబ్బన్, మలుపుకి రెండు. నన్ను నలభై ఒకటో కిలోమీటరు దగ్గర, దారి రెండుగా చీలేచోట, సిల్వర్ ఓక్ చెట్టుకు కట్టారు. కుడివైపు ఎక్కితే పరుగుదారి. ఎడమవైపు దిగితే ముసిరిగుడ అనే ఊరు.

మొదటివాడు తొమ్మిదిన్నరకే వచ్చాడు. నావైపు కన్నెత్తి చూడలేదు. చేతి గడియారంలో మ్యాపు ఉంది, చూడక్కర్లేదు. తర్వాత వచ్చినవాళ్లు ముందువాడి వీపు చూసుకుంటూ పోయారు. మధ్యాహ్నానికి నూట ఎనభైమంది దాటారు. మా అవసరం లేనివాళ్లందరికీ మేం దక్కాం. అవసరం ఉన్నవాడు ఇంకా ఎక్కడో వెనకాల కొండెక్కుతున్నాడు.

పన్నెండున్నరకి సొంబారి వచ్చింది. ముసిరిగుడ మనిషి, యాభై ఏళ్లుంటాయి, భుజాన కొడవలి, వెనకాల తొమ్మిది మేకలు. నన్ను చూసి ఆగింది. తిట్టలేదు, తెంపలేదు. ముడి విప్పింది. నన్నూ, నా పక్కవాణ్నీ, పైనున్న తోటలో అరవైమందినీ ఓపిగ్గా విప్పి కొంగులో వేసుకుంది.

ఎందుకో చెబుతాను, వినీల్ గారూ, కాస్త వినండి. తొమ్మిదేళ్ల కిందట ఆ కొండకి అవతలివైపు ఎవరో వచ్చి చెట్లకి ఎర్రగుడ్డలు కట్టిపోయారు. ఊళ్లో ఎవర్నీ అడగలేదు. ఆరు నెలలకి క్వారీ వచ్చింది. ఇప్పుడు అటువైపు కొండ సగమే ఉంది. అప్పట్నించీ ముసిరిగుడలో ఒక కట్టుబాటు: కొండ మీద చెట్టుకి గుడ్డ కనిపిస్తే, చూసినవాళ్లు విప్పెయ్యాలి. పారెయ్యకూడదు, ఇంటి పనికి వాడుకోవాలి. సొంబారి ఆ పనే చేసింది. మేకలకి గుర్తుగా మెడలో తలా ఒకటి కట్టింది. నాకు అన్నింటికన్నా పొగరుబోతు ఎర్రమేక మెడ దొరికింది.

రెండు గంటలకి 212 వచ్చాడు. పేరు గొర్లె సన్యాసినాయుడు, ఆర్టీసీ కండక్టరు. ముప్పై ఏళ్లుగా రైట్ రైట్ అంటూ బస్సులు నడిపించిన గొంతు, ఆ గొంతుకి తగని మోకాళ్లు. కిందటేడూ అంతకుముందేడూ ఇదే పరుగులో దిగి, రెండుసార్లూ మధ్యలో జీపెక్కి వచ్చాడు. అలిసిపోయినవాళ్లని ఏరుకుంటూ వెనకాల ఒక జీపు వస్తుందిలెండి. డిపోలో అప్పట్నించీ ఒకటే పాట: “నాయుడు గారు పరుక్కి ఎల్తారు, జీపులో వత్తారు.” ఈసారీ జీపెక్కితే ఇక పరుగన్న మాట ఎత్తనని అందరి ముందూ అనేసి వచ్చాడు.

చీలిక దగ్గర నిలబడ్డాడు. కుడివైపు చూశాడు, రిబ్బన్ లేదు. ఎడమవైపు చూశాడు. దిగువన, పొదల్లో, ఎర్రగా, నేను!

“అమ్మయ్య,” అని నా వెంట పడ్డాడు.

నేను కదులుతున్నానన్న సంగతి ఆయనకి తట్టలేదు. తొమ్మిది గంటలు కొండలెక్కి దిగిన బుర్రకి అలాంటివి తట్టవు. మేక చోళ్ల చేలో దూరింది, ఆయనా దూరాడు. మేక కంప దాటింది, ఆయన కంప కింద నుంచి పాకాడు. మేక మేతకి ఆగితే ఆయన ఊపిరి పీల్చుకోడానికి ఆగాడు. దారి చూపించడానికి పుట్టి మనిషిని ఇలా చెడగొడుతున్నానని నాకు సిగ్గేసింది. అరగంటకి మేక విసుగెత్తి వెనక్కి తిరిగి చూసింది. నాయుడు దాని మొహం చూశాడు, మెడలో నన్ను చూశాడు.

“ఏటే, నువ్వూ పరుగులో ఉన్నావా? నంబరేదీ?” అన్నాడు.

“ఎవులు నువ్వు? ఏ కంపెనీ?” అంది సొంబారి, పొద వెనక నుంచి కొడవలితో లేచి.

“కంపెనీ కాదమ్మా. ఆర్టీసీ.”

“బస్సోడివి కొండ మీద నీకేటి పని? గుండెకి నంబరు కూడా ఏసుకొచ్చినావు.”

“పరిగెడతన్నాను.”

ఆమె ఆయన్ని కాళ్ల నుంచి తలదాకా చూసింది. “ఇదా పరుగు? మా మేక నయం. ఎవులు తరుముతున్నారు?”

“ఎవులూ లేరు. ఎనకాల జీపొకటి వస్తంది.”

“పోలీసులా?”

“కాదు, అలిసినోల్ని ఎక్కించుకుంటాది.”

“అలిసినావు కదా. ఎక్కీ మరి.”

“ఎక్కను. ముప్పై ఏళ్లు బండిలోనే తిరిగినాను తల్లీ. ఊరోల్నందర్నీ ఆలు దిగీ కాడ దింపినాను. ఒక్కపాలి నా కాళ్లతో నాను ఆఖరిదాకా ఎల్లాలి.”

సొంబారి కొడవలి దించింది. సొరకాయ బుర్రలో ఉన్న అంబలి ఇచ్చింది. ఆయన తాగుతుంటే గుడ్డలెందుకు విప్పిందో చెప్పింది, సగం కొండనీ చూపించింది. నాయుడికి మింగుడు పడలేదు, అంబలి కాదు, ఆ మాట.

“మిమ్మల్ని అడగనే లేదా ఈలు?”

“అడిగితే మేమే కడుదుము. దారి మాకు తెల్దా? అది సరే గానీ, ఈ వాగంట దిగిపో. అరగంటలో మీ సంబరం కాడికి ఎల్లిపోతావు.”

ఇక్కడ నాకు ఆ మనిషి మీద కోపం వచ్చింది. అరగంటలో అయిపోయే పని. ఎవడు చూడొచ్చాడు? ఆయన తల అడ్డంగా ఊపాడు.

“కూడదమ్మా. ఏ స్టేజీ కాడ తప్పినానో ఆ స్టేజీ కాడే ఎక్కాలి. మద్దిలో ఎగ్గొట్టినోల్ని ఎంతమందిని దింపీసినానో నాను. నానే ఎగ్గొడితే ఎలాగ?”

“పిచ్చోడివి,” అని నవ్వింది సొంబారి. నవ్వుతూనే లేచింది. మేక మెడ నుంచి నన్ను విప్పి ఆయన సంచి పట్టీకి కట్టింది. “మల్లీ తప్పిపోతే దీన్ని బట్టి నిన్నూ మేకలాగే ఎతుక్కుంటాను. పద.”

మళ్లీ చీలిక దగ్గరికి ఎక్కేసరికి మూడూ పది. ఇంకా తొమ్మిది కిలోమీటర్లు. సొంబారి ముందు నడిచింది, వట్టి కాళ్లతో. ఆమె నడుస్తోంది, ఆయన పరిగెడుతున్నాడు, ఇద్దరి మధ్య దూరం పెరుగుతోంది. ప్రతి మలుపు దగ్గరా ఆమె ఆగి, “వత్తన్నావా, సచ్చినావా?” అని కేకేసేది. “వత్తన్నాను,” అనేవాడు. ఎర్రమేక కూడా వెంట వచ్చింది, నన్ను తినాలని. బయటివాళ్లు తోడు నడవకూడదని మీ రూల్సులో ఉందట. అది ఆమె కొండ. ఆమె నడుస్తోంది. రూలు మీరు మార్చుకోండి.

కొండ దిగి స్కూలు గ్రౌండులో అడుగుపెట్టేసరికి నాలుగూ యాభై రెండు. గాలి నింపి నిలబెట్టిన మీ ముగింపు గేటు అప్పటికే ఒక పక్కకి ఒరుగుతోంది. గాలి తీసేస్తున్నారు. ఒకడు టైము పట్టే మ్యాటు చుట్టేస్తున్నాడు.

“హోల్డాన్!” అని అరిచాడు నాయుడు.

ముప్పై ఏళ్ల అరుపు అది. మ్యాటు చుట్టేవాడి చేతుల్లోంచి మ్యాటు జారింది. టీ తాగుతున్న జీపు డ్రైవరు గ్లాసు దించి నిలబడ్డాడు. అవును, టీ తాగుతున్న జీపు డ్రైవరే. ఏ జీపుకి భయపడి ఆయన ప్రాణాలుగ్గబట్టి పరిగెత్తాడో ఆ జీపు గంట కిందటే కొండ దిగింది. గేటు మాత్రం ఆగలేదు, సరిగ్గా ఆయన కిందికి వచ్చేసరికి మీద కూలింది. లోపల ఎక్కడో “రైట్ రైట్” అని వినిపించింది. అవతలివైపు నుంచి ముందు మేక వచ్చింది. తర్వాత చేతులూ మోకాళ్ల మీద ఆయనా, నేనూ వచ్చాం.

“సార్, మీరు జీపులో ఉన్నారు కదా?” అన్నారు మీరు, వినీల్ గారూ.

“జీపులో ఉంటే నీ ఎదట ఉన్నదెవులు బాబూ?”

తేలిందేమంటే, నలభై అయిదో కిలోమీటరు దగ్గర టేబుల్ వేసుకున్న వాలంటీర్లకి 212 ఎంతకీ కనిపించలేదు. రెండేళ్లూ జీపులోనే వచ్చాడు, ఇప్పుడూ అందులోనే ఉంటాడని టిక్కు పెట్టి, టేబుల్ మడిచేసుకున్నారు. జీపులోకి తొంగి చూసినవాడు లేడు. దీన్ని మీరు అనుభవం అంటారేమో.

“మ్యాటు తీసేశాం సార్. సిస్టమ్‌లో ఎక్కదు,” అన్నారు మీరు. ఒక మెడల్ మాత్రం చాపారు.

“రికార్డులో లేనోడికి మెడలేటి? టికెట్టు లేకుండా లగేజీ ఎక్కించుకోను నాను,” అని ఆయన దాన్ని టేబుల్ మీద పెట్టేశాడు.

అప్పుడు సొంబారి ముందుకొచ్చింది. “మా కొండ మీద గుడ్డలు కట్టమని మీకెవులు సెప్పినారు?”

“పై నుంచి పర్మిషన్ ఉందమ్మా.”

“పైన ఉన్నది మేము బాబూ. నువ్వు కింద నుంచి తెచ్చుకున్నావు.”

మీరు పర్మిషన్ కాగితం కోసం ఫైలు తిప్పడం మొదలుపెట్టారు. ఈలోగా మేక ఫలితాల బోర్డు మీది కాగితం నమిలేసింది, 212 ఎదురుగా “పూర్తి చేయలేదు” అని ఉన్న కాగితం. నాకు సంతోషం పట్టలేదు. కానీ నెట్‌లో ఉన్నదాన్ని మేక తినలేదు కదా. ఇవాళ్టికీ అక్కడ అలాగే ఉంది. డిపోలో ఇవాళ్టికీ ఆ పాటే పాడుతున్నారు. ఆయన వాదించడట. రికార్డు ప్రకారం జీపెక్కినట్టే, పైగా మాట ఇచ్చాడు కదా, బూట్లు అటకెక్కించాడట.

వెళ్లేముందు నాయుడు నన్ను విప్పి సొంబారి చేతిలో పెట్టాడు. మళ్లీ మేక మెడలోకే వచ్చాను. ఒక అంచు ఇప్పటికే నమిలేసింది, రెండోది ఎన్నాళ్లుంటుందో తెలీదు. అందుకే తొందరగా చెబుతున్నాను.

వినీల్ గారూ, ఆయన ముగింపు గీత దాటేటప్పటికి టైము నాలుగూ యాభై మూడు. గేటు కూలడం నవ్వుతూ వీడియో తీసిన మీ వాలంటీర్ల ఫోన్లలోనే ఉంది, చూసుకోండి. 212 ఎదురుగా ఉన్న రాత ఇవాళే కొట్టేయండి. ఆయన బూట్లు అటక మీది నుంచి దిగాలి. ఆ తర్వాత మీరు ముసిరిగుడ రావాలి. వచ్చే ఏడు పరుగు ముందురోజు కాదు, ఇప్పుడే. ప్రతి నెలా మొదటి ఆదివారం సొంబారి ఇంటి అరుగు మీద ఊరంతా కూర్చుంటుంది. అక్కడ నిలబడి, మీ కొండ మీద నుంచి పోతామని, ఆఖరి మనిషి దాటేదాకా గుర్తులు ఉండాలని అడగాలి. జీపులో రావద్దు. నలభై ఒకటో కిలోమీటరు దగ్గర ఎడమకి తిరిగి, మీ కాళ్లతో దిగి రండి. ఎంత నిదానంగా వచ్చినా పర్లేదు. మీరు చేరేదాకా అక్కడ ఎవరూ అరుగు దిగరు.