చీటీ తప్పైతే వాపస్

సదాశివ ఆ పొద్దున నాలుగో పుస్తకం ముగించి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, అరచేతంత చీటీ మీద రాయసాగాడు. "బొమ్మలు బంగారం, కథ బూడిద. విలన్‌కిచ్చిన తెలివిలో సగం హీరోకిచ్చినా బాగుండేది." చీటీని, పుస్తకాన్ని కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తాడుకు తగిలించాడు.

అబిడ్స్ పెద్దరోడ్డు వెనక సందులో ఆరడుగుల దుకాణం అది. ఇరవై ఆరేళ్లుగా సదాశివ చదవని సూపర్‌హీరో కామిక్ అక్కడ ఒక్కటీ అమ్ముడుపోలేదు. గోడ మీద పలక: "చీటీ తప్పైతే పుస్తకం వాపస్." పక్కన చెప్పుల దుకాణం రాజమల్లు ఎన్నిసార్లు మొత్తుకున్నాడో!

"కూసున్న కొమ్మను నరుక్కునుడంటే గిదే సదాశివా! అమ్మేటోడే బాగలేదంటే కొనేటోడేం జేస్తడు?"

సదాశివ నవ్వి ఇంకో చీటీ రాసుకునేవాడు. సన్నగా, పొడుగ్గా, పుస్తకాల మీద వంగీ వంగీ మెడ ముందుకు వచ్చేసిన మనిషి. వయసు యాభై ఎనిమిది. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే "హీరోలకు పెండ్లి అచ్చిరాదు" అనేవాడు. వట్టి మాట. అడిగే ధైర్యం లేకపోయింది, అంతే.

అడగవలసిన మనిషి మాత్రం శనివారం శనివారం వస్తూనే ఉంది.

చంద్రిక గన్‌ఫౌండ్రీలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసేది. పద్నాలుగేళ్ల కిందట మేనల్లుడి కోసమని ఒక పుస్తకం కొంది. వాడు పెద్దవాడై కామిక్కులు మానేశాడు, ఆవిడ మానలేదు. ముందు పుస్తకమంతా చదివి, ఆ తర్వాతే చీటీ చూసేది. మరుసటి వారం వచ్చి "మీరు రాసింది నిజమే" అనేది, లేదా "ఇరవయ్యో పేజీ మీరు సరిగ చూడనే లేదు" అని పోట్లాటకు దిగేది. ఒక్క పుస్తకమూ వాపస్ ఇవ్వలేదు. ఆ పది నిమిషాల కోసం సదాశివ మిగతా ఆరు రోజులూ ఎలాగో గడిపేవాడు.

కిందటి శనివారం ఆవిడ ఒక కబురు చెప్పింది. షోలాపూర్‌లో అక్కకు పక్షవాతం వచ్చింది. చూసుకునేవాళ్లు లేరు. ఉద్యోగం వదిలేసి వెళ్లిపోతోంది. "వచ్చే శనివారం మధ్యాహ్నం బండి. నాంపల్లి స్టేషన్ల ఎక్కేముందు వచ్చి పోత" అంది.

వారమంతా సదాశివకు అన్నం సయించలేదు. ఉండిపొమ్మని ఏ మొహంతో అంటాడు? మళ్లీ రమ్మనడానికైనా ఒక కారణం ఉండాలి కదా. చివరికి ఆ మహానుభావుడి బుర్రకు తట్టిన కారణం వినండి! దుకాణం మొత్తం గాలించి పరమ చెత్త పుస్తకం ఒకటి బయటికి తీశాడు. అందులో హీరో పదో పేజీలో చస్తాడు, ముప్పయ్యో పేజీలో ఎందుకో ఎలాగో చెప్పకుండా లేచి వస్తాడు. దానికి చీటీ రాశాడు: "ఇంత మంచిది ఈ మధ్య రాలేదు. తప్పక చదవాలి." చదివితే ఆవిడకు ఒళ్లు మండుతుంది. వాపస్ ఇవ్వడానికైనా ఒకసారి వస్తుంది. ఇరవై ఆరేళ్లలో అది మొదటి అబద్ధపు చీటీ.

శనివారం ఒంటి గంటకు సూట్‌కేసుతో చంద్రిక వచ్చింది. సదాశివ పుస్తకం అందించాడు.

"మీ కోసమే పక్కకు పెట్టిన మేడం."

"బండికింక చానా టైమున్నది. గీడనే కూసోని చదువుకుంట."

సదాశివ గబగబా అడ్డుపడ్డాడు. "బండ్ల చదువుకోండ్రి మేడం. కిటికీ దగ్గర గాలొస్తది."

"గాలితోని ఏం పని?" అని ఆవిడ స్టూలు మీద కూర్చుని కవర్లోంచి పుస్తకం తీసింది.

ఇక్కడే ముగిస్తే ఇక్కడే వాపస్ ఇస్తుంది. మళ్లీ రావడమనేదే ఉండదు. సదాశివ పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. పదో పేజీ దగ్గర ఆవిడ నొసలు ముడిపడ్డాయి. ముప్పయ్యో పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. పుస్తకం మూసి చీటీ చదివింది. మళ్లీ చదివింది. సదాశివ కౌంటరు మీద లేని దుమ్ము తుడవసాగాడు.

"నిజంగ మీకు గిది నచ్చిందా?"

చేత్తో రాసినంత సులువుగా అబద్ధం నోట రాలేదు.

"లేదు మేడం. వాపస్ ఇయ్యొచ్చు. ఇప్పుడే కాదు... ఎప్పుడన్న. మీరు ఎప్పుడొస్తే అప్పుడు."

చంద్రికకు అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతులో కోపం పలికింది.

"పద్నాలుగేండ్లు, సదాశివ గారూ! ఎవరో ఎగిరే మనిషి గురించి గిన్ని చీటీలు రాసిన్రు. నాకొక్క మాట రాయకపోతిరి."

"ఇప్పుడు రాస్తే?"

"ఇప్పుడు అక్క మంచంల ఉన్నది."

ఆయన తలవంచుకుని పుస్తకం కోసం చెయ్యి చాపాడు. "ఇయ్యుండ్రి మేడం. మంచిగలేని పుస్తకం మీకెందుకు?"

"వద్దు. గిది నాకే ఉండనీ" అని ఆవిడ దాన్ని సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుంది. "పోయొస్త" అనబోయి "పోత" అంది. ఆటో నాంపల్లి వైపు తిరిగేదాకా సదాశివ చెప్పుల దుకాణం ముందు నిలబడి చూశాడు. రాజమల్లు చాయ్ తెప్పించాడు.

సదాశివ లోపలికి వచ్చేసరికి పుస్తకం లేని కవరు స్టూలు మీద ఉంది, అందులో ఆవిడ వాపస్ ఇచ్చిపోయిన ఆయన చీటీ, రాత పైకి కనబడేట్టు.