తాత అరచేతిలో కలుపుపువ్వు

పిల్లలూ, మీ అమ్మమ్మ ఎడమ చెంప మీద తెల్లటి మచ్చ ఉందే, ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా తల పక్కకి తిప్పుకుని కూర్చుంటుందే, దాని సంగతి మీకెవరూ చెప్పలేదు. చెబితే తాతని చూసి భయపడతారేమోనని ఇన్నాళ్ళూ ఆపాం. చెప్పకపోవడం అంతకన్నా తప్పేమో. కాబట్టి వినండి.

అప్పట్లో తాతకి మాంసం కొట్టు ఉండేది. రోజూ పొద్దున్నే బయల్దేరే ముందు, ముందుగదిలో ఉన్న గాజుతొట్టి దగ్గర పావుగంట నిలబడేవాడు. ఉప్పునీటి తొట్టి. అందులో రాళ్ళు, రాళ్ళ మీద పగడాలు, రెండు నారింజరంగు చేపలు. నీళ్ళలో ఉప్పెంతుందో కొలిచి, అద్దం తుడిచి, మేత వేసి, అప్పుడు కత్తుల సంచీ భుజాన తగిలించుకునేవాడు. ఆ పావుగంటా ఆయనంత నెమ్మదస్తుడు ఇంకొకడు ఉండడు. మిగతా రోజంతా మాత్రం ఆయన చెయ్యి ముందు మాట్లాడేది, నోరు తర్వాత.

ఒకసారి కొత్త పగడంతోపాటు ఎనిమోన్ అనే గోరంత సముద్రపు జీవి ఒకటి తొట్టిలోకి వచ్చింది. చూడ్డానికి పువ్వే. కానీ రేకులుండాల్సిన చోట కుట్టే వేళ్ళు, మధ్యలో నోరు. తొట్టిలో పెంచుకునే చేపలమ్మే కొట్టులో దాన్ని కలుపుపువ్వు అంటారు. పక్కనున్న పగడాన్ని కుట్టి కుట్టి చంపడం మొదలెట్టింది. తాత ఎముకలు విడదీసే సన్నకత్తి తెచ్చి దాన్ని తరిగేశాడు. వారం తిరిగేసరికి తరిగిన ప్రతి ముక్కా ఒక పువ్వయింది. మళ్ళీ తరిగాడు. ముప్పై అయ్యాయి. పగడాలు తెల్లబడి చచ్చాయి, ఒక చేప పోయింది.

ఆ కోపంలో బల్ల మీద గుద్దాడు. మర్నాడు, గుద్దిన చోట, బల్ల మీదే ఒక పువ్వు మొలిచింది. తలుపు మీద బాదితే తలుపు మీద మొలిచింది. అమ్మమ్మ బల్ల తుడిచేటప్పుడు దాని చుట్టూ తుడిచేది. తలుపు మీదిదానికి రోజూ ఉప్పునీళ్ళు చిలకరించేది, ఎండిపోతే వాసనొస్తుందని. ఒకరోజు బల్ల మీదిది తాత మణికట్టుని కుట్టింది. దానికి అమ్మమ్మని కొట్టాడు. మర్నాటికి ఆవిడ చెంప మీద కూడా ఒకటి లేచింది.

"ఆ వైపు తిరిగి పడుకోకు వదినా, దిండుకి అంటుకుంటుంది" అంది పక్కింటావిడ. అంతే.

మీ పెద్దమ్మకి అప్పుడు పన్నెండేళ్ళు. తను నేరుగా చేపల కొట్టావిడ దగ్గరికి వెళ్ళి పువ్వుల సంగతి చెప్పింది.

"కోశారా?" అందావిడ.

"నాన్న కోశాడు. రెండుసార్లు."

"మీ నాన్న మేకలకి సరిపోతాడు గానీ దీనికి పనికిరాడే. కోసేకొద్దీ పిల్లలు పెడుతుంది. సున్నం ముద్దలా కలిపి సిరంజిలో పట్టు. నీళ్ళ మోటారు ఆపి, అది నోరు తెరిచాక నోట్లోనే పెట్టు. కాస్త అదిరినా లోపలికి ముడుచుకుపోతుంది, ఇక ఆ రోజుకి దొరకదు."

"సున్నం పడ్డ చోట మళ్ళీ మొలుస్తుందా?"

"చచ్చినా మొలవదు."

పెద్దమ్మ ఆ చివరి మాట పట్టుకుని ఇంటికొచ్చింది. సున్నం కలిపి, ముందు తన రెండు చెంపలకీ పూసుకుంది. చర్మం మండి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా కడుక్కోలేదు. తాత కత్తితో తొట్టి మీదికి వంగి ఉంటే వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"కొయ్యకు నాన్నా. కోసి కోసి, కొట్టి కొట్టి ఇల్లంతా నింపావు."

కొట్టాడు. పిల్ల వెళ్ళి గోడకి పడింది. చెవి దిమ్మెక్కింది, పెదవి చిట్లి నేల మీద నెత్తురు పడింది. కానీ మర్నాడు తన చెంప మీద ఏమీ మొలవలేదు. చోటు దొరకని పువ్వు బయల్దేరిన చోటికే తిరిగొచ్చి, తాత అరచేతి నడుమ విచ్చుకుంది.

ఆయన కొట్టుకి వెళ్ళి, మొద్దు మీద చెయ్యి వెల్లకిలా పెట్టి, ఎడమచేత్తో కత్తి పట్టి, దాన్ని కండతో సహా కోసేశాడు. మేక నెత్తురూ ఆయన నెత్తురూ కలిసి మొద్దు మీంచి కారాయి. కట్టు విప్పేసరికి అయిదున్నాయి. పిడికిలి బిగిస్తే అయిదూ ఒకేసారి కుట్టేవి. చేతిలో కత్తి పిడి నిలిచేది కాదు. కొట్టు మూసి ఇంట్లో కూర్చున్నాడు.

అప్పటికే పెద్దమ్మ తొట్టిలోవీ, బల్ల మీదిదీ, తలుపు మీదిదీ, చివరికి అమ్మమ్మ చెంప మీదిదీ సున్నంతో చంపేసింది. చెంప మీద తెల్లమచ్చ మిగిలింది. అమ్మమ్మ అద్దంలో చూసుకుని, సంచీ తీసి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

"ఆ చేతికి మళ్ళీ పిడికిలొచ్చిన రోజున నేనీ ఇంట్లో ఉండను" అంది పెద్దమ్మతో. "నిన్నూ ఉంచను."

ఆ సాయంత్రం తాత పెద్దమ్మ ముందు చెయ్యి చాపాడు. "వీటికీ సున్నం పెట్టవే."

"కదలకూడదు మరి. కోపమొచ్చినా ముడుచుకుంటాయి."

"రాదులే."

"వచ్చింది. చూడు, మూసుకున్నాయి."

మొదటిరోజు ఒక్కటీ తెరుచుకోలేదు. రెండోరోజూ అంతే. మూడోరోజు, తొట్టి దగ్గరి ఆ పావుగంట నెమ్మది ఆయన చేతిలోకి దిగాక, ఒకటి నోరు తెరిచింది. అలా రోజుకొకటి. సున్నం మంటకి పళ్ళు కొరికాడు గానీ చెయ్యి అదరనివ్వలేదు. నాలుగు అయ్యాక పెద్దమ్మ సిరంజికి మూత పెట్టేసింది.

"ఇంకోటుంది" అన్నాడు తాత. "నడిమధ్యది."

"తెలుసు."

"మరి దాన్నీ చేసెయ్."

"అది ఉండనీ నాన్నా."

తాత చెయ్యి లేచింది. వేళ్ళు ముడుచుకోబోతుండగా ఆ ఒక్కటీ ఎముక దాకా కుట్టింది. లేచిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, తెరిచింది తెరిచినట్టే కిందికి దిగింది. గుమ్మంలో నిలబడ్డ అమ్మమ్మ అది చూసి, బట్టలు ఒక్కొక్కటే తీసి తిరిగి అరలో పెట్టింది. ఖాళీ సంచీని మాత్రం తలుపు వెనక తగిలించింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

కత్తి పట్టలేని ఆ చేతికి ఉప్పునీళ్ళు కావాలి. అందుకని తాత చేపల కొట్టులోనే తొట్లు కడిగే పనికి కుదిరాడు. మీరు వెళ్ళినప్పుడు అరచెయ్యి చూపించడానికి సిగ్గుపడతాడు. మీరే అడగండి. నెమ్మదిగా అడిగితే విచ్చుకుంటుంది. వేలు మాత్రం పెట్టకండి. రేపు మీకూ పిల్లలు పుడతారు, మీ చెయ్యి కూడా ఎప్పుడో మీకంటే ముందు లేస్తుంది. అప్పుడు కూర్చుని వాళ్ళకి ఈ కథ చెప్పండి. పెద్దమ్మ రెండు చెంపలకీ సున్నం పూసుకున్న చోటు దాటెయ్యకుండా చెప్పండి.